చిల్లు పడ్డ వెండి నాణెం

పాత నాణేలు సేకరించేవాళ్లకి ఒక లెక్క ఉంటుందండీ. అచ్చు స్పష్టంగా ఉండాలి, అంచు నలగకూడదు, ముఖం మీద గీతలుండకూడదు. చిల్లు మాత్రం అస్సలు పడకూడదు. ఎంత అరుదైన నాణెమైనా చిల్లు ఉందంటే ధర అమాంతం పడిపోతుంది. పెళ్లిచూపుల్లో పిల్లని ఎంచినట్టు ఎంచుతారు.

మావారి మేనమామగారు సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేశారు. దక్షిణ అమెరికా రేవుల్లో ఓడ ఆగినప్పుడల్లా ఒకటీ అరా పాత వెండి నాణెం కొనేవారట. ఆయన పోయాక అత్తయ్యగారు వాటిని ఒక షాపులో చూపిస్తే, "చిల్లులున్నవి తూకానికే తీసుకుంటామమ్మా" అన్నారట. ఆవిడకి మనసొప్పక, ఆ బోర్న్‌విటా డబ్బా తెచ్చి మా చేతిలో పెట్టారు. అందులో ఏడు నాణేలు. మూడింటికి చిల్లులు. అన్నీ పంతొమ్మిదో శతాబ్దానివే.

వాటి గురించి చదవడం మొదలుపెట్టాక నాకు ఒక సంగతి బోధపడింది. సేకరించేవాళ్లు లోపం అని ధర తగ్గించే ప్రతి గుర్తూ ఎవరో ఒక మనిషి ఆ నాణేన్ని ఎందుకో ఒకందుకు వాడుకున్న ఆనవాలు. అసలు చరిత్ర అక్కడే ఉంది.

ముందు ఆ వెండి ఎక్కడిదో చెప్పాలి. ఇప్పటి బొలీవియాలో, సముద్రమట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తున పొటోసి అనే ఊరుంది. ఊరి నెత్తిన ఎర్రటి కొండ. పేరు సెర్రో రికో, అంటే సిరుల కొండ. 1545లో అక్కడ వెండి బయటపడింది. 1570లలో స్పెయిన్ ప్రతినిధి టొలేడో 'మీతా' అనే వెట్టి పద్ధతి పెట్టాడు. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి ఏటా సుమారు 13,000 మంది ఆదివాసీ మగవాళ్లు వంతుల ప్రకారం వచ్చి గనుల్లో పనిచెయ్యాలి. వాళ్లతో పెళ్లాలూ పిల్లలూ కూడా నడిచి వచ్చేవారు. మగవాళ్లు కొండ లోపల ఉంటే, ఆడవాళ్లు ఊళ్లో రొట్టెలు, మొక్కజొన్న నుంచి తీసే చిచా అనే పానీయం అమ్మేవారు. ఖనిజం ముక్కల బేరాలు కూడా చేసేవారు. ఇప్పటికీ ఆ కొండ పక్కన పారబోసిన రాళ్లగుట్టల దగ్గర కూర్చుని, సుత్తితో రాళ్లు పగలగొట్టి మిగిలిన ఖనిజం ఏరుకునే స్త్రీలున్నారు. వాళ్లని పల్లిరీలు అంటారు. చాలామంది గనిలో భర్తని పోగొట్టుకున్నవాళ్లే.

ఆ వెండితో పొటోసి టంకశాలలోనే నాణేలు కొట్టేవారు. వాటిలో పెద్దది ఎనిమిది రియాళ్ల నాణెం. బరువు 27 గ్రాములు, మన లెక్కలో రెండు తులాల పైమాటే. వెయ్యింటికి దాదాపు 900 పాళ్లు వెండి. ఇంగ్లీషువాళ్లు స్పానిష్ డాలర్ అన్నది దీన్నే. అప్పట్లో ప్రపంచంలో ఏ రేవులోనైనా చెల్లిన డబ్బు ఇది. పొటోసి నాణెమని గుర్తు పట్టడానికి చిన్న కిటుకు ఉంది. పి, టి, ఎస్, ఐ అనే అక్షరాలు నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి, ముడి వేసిన ముగ్గులా కనిపిస్తాయి. 1773లో పూర్తయిన అక్కడి పెద్ద టంకశాల ఇప్పుడు మ్యూజియం. వెండి రేకులు సాగదీసిన పెద్ద పెద్ద కొయ్య యంత్రాలు ఇంకా ఉన్నాయి. కింది అంతస్తులో కంచరగాడిదలు గుండ్రంగా తిరుగుతుంటే పై అంతస్తులో ఆ చక్రాలు తిరిగేవి.

ఇక స్వాతంత్ర్య యుద్ధాల కాలం. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేనంత బాగా ఆ కథని ఈ నాణేలు చెబుతాయి. 1813లో బ్యూనస్ ఎయిరిస్ నుంచి బెల్గ్రానో సైన్యం వచ్చి పొటోసిని పట్టుకుంది. అప్పటిదాకా నాణేల మీద స్పెయిన్ రాజు ఫెర్నాండో ముఖం ఉండేది. ఆ ఏడు అదే టంకశాల నుంచి కళ్లూ ముక్కూ ఉన్న సూర్యుడి బొమ్మతో కొత్త నాణెం వచ్చింది. దాని మీద 'ఐక్యతలో, స్వేచ్ఛలో' అనే అర్థం వచ్చే మాటలు. ఏడాది తిరక్కుండానే బెల్గ్రానో ఓడిపోయి వెనక్కి మళ్లాడు. పోతూ పోతూ టంకశాలనే పేల్చెయ్యాలని చూశాడు గానీ అది జరగలేదు. మళ్లీ రాజు ముఖం. 1815లో దేశభక్తుల సైన్యం తిరిగొచ్చింది, మళ్లీ సూర్యుడు. ఆ ఏడాది చివర వాళ్లు ఓడిపోయారు, మళ్లీ రాజు. 1825 వరకూ ఆ ముఖమే నడిచింది.

కొండ అదే, టంకశాల అదే. రాట్నాలు తిప్పే గాడిదలూ అవే. అచ్చు మాత్రం మారుతూ వచ్చింది. ఆ పన్నెండేళ్లలో ఊరి ఆడవాళ్లు సంతకి తీసుకెళ్లిన డబ్బుల సంచిలో సూర్యుడూ రాజూ పక్కపక్కనే ఉండి ఉంటారు. ఏది చెల్లుతుందో, ఏది చూపిస్తే ప్రమాదమో ఊహించుకుంటూ బియ్యమో మొక్కజొన్నో కొనుక్కోవడం ఎంత కష్టమో, నోట్ల రద్దు రోజుల్లో పోపులడబ్బాలో దాచిన డబ్బు లెక్కపెట్టుకున్న మనకి వేరే చెప్పక్కర్లేదు.

పొటోసిలో పాత అచ్చు తీసేసి కొత్త అచ్చు వేశారు. మిగతా చోట్ల అంత ఓపిక కూడా పట్టలేదు. ఉన్న నాణెం మీదే మరో ముద్ర గుద్దేశారు. పెరూ రాజధాని లీమాలో 1822, 1823లలో 'స్వేచ్ఛా పెరూ' అనే పేరుతో నాణేలు వచ్చాయి. 1824లో రాజు సైన్యం లీమాని తిరిగి పట్టుకుంది. ఆ నాణేలని కరిగించే తీరిక లేదో ఏమో, వాటి మీదే చిన్న కిరీటం, 1824 అనే సంవత్సరం గుద్ది చలామణీలోకి వదిలారు. స్వేచ్ఛ అన్న మాటా, రాజు కిరీటమూ ఒకే నాణెం మీద!

అవే నాణేలు పసిఫిక్ దాటి ఫిలిప్పీన్స్‌లోని మనీలా చేరాయి. అది స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఊరు. తిరగబడిన దేశాల బొమ్మలు జనం చేతుల్లో తిరగడం అధికారులకి ఇష్టం లేదు. వెండి వదులుకోవడమూ ఇష్టం లేదు. అందుకని 1828లో నాణెం ముఖమంతా కప్పేసేలా రాజు పేరుతో పెద్ద ముద్ర వేశారు. అది కుదరక కొన్నేళ్లకి చిన్న ముద్రలకి దిగారు. చైనా చేరిన నాణేల కథ ఇంకో రకం. అక్కడి షరాబులు ఒక్కొక్క నాణేన్నీ పరీక్షించి, "ఇది మంచి వెండి, నాదీ పూచీ" అన్నట్టు తమ గుర్తు చిన్న అక్షరంగా గుద్దేవారు. చేతులు మారినకొద్దీ గుర్తులు పెరిగి, కొన్ని నాణేలు అమ్మవారు పోసినట్టు గుంటలు గుంటలుగా ఉంటాయి.

బ్రెజిల్‌వాళ్లు మరీ తెలివైనవాళ్లు. నెపోలియన్ సైన్యానికి భయపడి పోర్చుగల్ రాజకుటుంబం 1808లో బ్రెజిల్ చేరింది. ఖర్చులకి డబ్బు కావాలి. స్పానిష్ డాలర్లని 750, 800 రేయిస్‌లకి కొని, 1810 నుంచి వాటి మీదే తమ ముద్ర కొట్టి 960 రేయిస్‌ల నాణెంగా వదిలారు. వెండి అంతే, విలువ మాత్రం పెరిగింది! వాటిలో చాలావాటిని వెలుగులో వాల్చి చూస్తే కింద పాత నాణెం కనిపిస్తుంది. స్పెయిన్ రాజు పేరులో రెండక్షరాలో, జుట్టు ముడో, పాత సంవత్సరమో. అది లీమాదా, పొటోసిదా, మెక్సికోదా అని కనిపెట్టడమే కొందరికి జీవితకాలపు వ్యాపకం. పాత పట్టుచీర అంచు కొత్త చీరకి వేసుకున్నా, ఎరిగున్నవాళ్లు "ఇది మీ అమ్మ చీరది కదూ" అంటారే, అలాగన్నమాట.

ఈ వరసలో మన భాష కూడా ఉందని తెలిసిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 1807, 1808లలో మద్రాసు టంకశాలలో ఈస్టిండియా కంపెనీ వెండి అర వరహా కొట్టించింది. ఒక వైపు గోపురం, చుట్టూ నక్షత్రాలు. రెండో వైపు దేవుడి బొమ్మ. విలువ ఇంగ్లీషులోనూ పారసీలోనూ మాత్రమే కాదు, తమిళంలోనూ తెలుగులోనూ రాసి ఉంటుంది. సర్కారు జిల్లాలూ దత్తమండలాలూ అప్పటికే మద్రాసు కింద ఉన్నాయి మరి. ఈ అర వరహాల్లో స్పానిష్ డాలర్ల మీద కొట్టినవి ఉన్నాయి. గోపురం పక్కనా దేవుడి చుట్టూ పాత అక్షరాల జాడలు తేలుతూ కనిపిస్తాయి. అంటే అమెరికా గనుల వెండి మీద మన తెలుగు అక్షరాలు! అంతకు రెండు వందల ఏళ్ల ముందు నుంచే డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ మచిలీపట్నంలో మన నేతగాళ్ల బట్టలు కొనడానికి తెచ్చిన వెండిలో చాలా భాగం ఆ ఖండానిదే కదా. అక్కడ కొండ తవ్వినవాళ్లకీ, ఇక్కడ మగ్గం నేసినవాళ్లకీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. మధ్యలో వెండి మాత్రం నడిచి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశాలు వేసుకున్న బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. చిలీ 1817లో నిప్పులు కక్కే అగ్నిపర్వతం వేసుకుంది. బొలీవియా 1827 నుంచి ఒక వైపు బొలీవార్ తల, రెండో వైపు చెట్టు, దాని కింద పడుకున్న రెండు లామాలు వేసుకుంది. అంచు మీద కూడా రాత ఉంటుంది: 'అయకుచో, సూక్రే, 1824'. స్పెయిన్‌ని చివరిసారిగా చిత్తు చేసిన యుద్ధం, గెలిచిన సేనాని, సంవత్సరం. నాణెం బల్ల మీద నిలబెట్టి తిప్పితే గానీ కనబడదు. పెరూ మాత్రం స్త్రీమూర్తిని ఎంచుకుంది. బల్లెం, డాలు పట్టుకుని నిలబడిన స్వేచ్ఛాదేవి. 1860లలో సోల్ అనే కొత్త నాణెం వచ్చాక ఆవిడ కూర్చుంది.

దేవి సరే, నిజంగా కత్తి పట్టిన స్త్రీ సంగతేమిటి? పొటోసికి దగ్గరలోని చుకిసాకా ప్రాంతంలో 1780లో పుట్టిన జువానా అసుర్దుయ్ ఆ యుద్ధాల్లో భర్తతో కలిసి గెరిల్లా దళాలు నడిపింది. కొండల్లో తిరుగుతూ నలుగురు పిల్లల్ని పోగొట్టుకుంది. 1816లో భర్త చనిపోయాడు. ఆవిడకి లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. 1825లో బొలీవార్ స్వయంగా వెళ్లి కలిశాడు. అయినా 1862లో చనిపోయేనాటికి కటిక పేదరాలు. ఆవిడ ముఖం బొలీవియా వంద రూపాయల నోటు మీదికి (వాళ్ల డబ్బు పేరు బొలీవియానో అనుకోండి) ఎక్కడానికి మన కాలం దాకా పట్టింది. ఇదే లెక్కలో ఇంకొకటి చూడండి. 1864 చివర అధికారం లాక్కున్న మెల్గరేహో మరుసటి ఏడే తన తలా తన మంత్రి తలా పక్కపక్కన వేయించి నాణెం విడుదల చేశాడు. దాని పేరు కూడా మెల్గరేహోయే. 'శౌర్యం, ప్రతిభ' అని పొగడ్త కూడా చెక్కించాడు. అందులో వెండి మూడింట రెండు వంతులే!

వెండి తగ్గించడం ఆయనతో మొదలు కాలేదు. బొలీవియా ప్రభుత్వం 1830 నుంచే చిన్న నాణేల్లో వెండి మూడింట రెండు వంతులకి దించింది, పెద్ద నాణేన్ని మాత్రం గట్టిగా ఉంచింది. జనం వాటికి 'ఫెబ్లే' అని పేరు పెట్టారు. బలహీనమైనవి అని అర్థం. చిరిగిన నోటు చేతిలో ఉంటే ముందు దాన్ని వదిలించుకుని మంచి నోటు బీరువాలో దాస్తాం కదా, అక్కడా అదే జరిగింది. ఫెబ్లే పొరుగున పెరూలోకి, అర్జెంటీనా ఉత్తర ప్రాంతాల్లోకి వరదలా పారింది. మంచి వెండి పెట్టెల్లోకో, ఓడల్లోకో పోయింది. ఇప్పుడు కొనేవాళ్లకి అరిగిపోయిన ఫెబ్లే నాణేలు తక్కువకే దొరుకుతాయి. అరిగిపోవడం కూడా సాక్ష్యమే. రోజూ చేతులు మారింది ఆ బలహీనమైన డబ్బే.

ఇక చిల్లుల సంగతి.

చిలీ దక్షిణాన మపూచే ప్రజలున్నారు. స్పెయిన్ కూడా వాళ్లని పూర్తిగా లొంగదీసుకోలేకపోయింది. వాళ్లు పశువులూ గుర్రాలూ, తమ ఆడవాళ్లు నేసిన పోంచో అనే పైవస్త్రాలూ అమ్మి వెండి నాణేలు సంపాదించేవారు. ఆ నాణేలని తమ కంసాలులకిచ్చి నగలు చేయించుకునేవారు. నుదుటికి కట్టుకునే త్రారిలోంకోకి బిళ్లలు వేలాడుతుంటాయి. రొమ్ము మీదికి త్రాపెలాకుచా, శాలువా నిలవడానికి పళ్లెమంత తలున్న తూపు పిన్ను. కొన్ని నగలకి కరిగించకుండా నాణేలనే చిల్లు పొడిచి గుచ్చేవారు. మన కాసులపేరు గుర్తు రావడం లేదూ? ఈ వెండిపని బాగా వర్ధిల్లింది పంతొమ్మిదో శతాబ్దంలోనే. నేసింది స్త్రీ, అమ్మితే వచ్చిన నాణెం తిరిగి ఆవిడ ఒంటి మీదికే చేరింది. బ్యాంకు లేని చోట ఆడదాని మెడే బ్యాంకు.

1861 నుంచి 1883 వరకూ చిలీ సైన్యం వాళ్ల నేలని ఆక్రమించుకుంది. భూములూ పశువులూ పోయాయి. తరవాత ఏం జరిగి ఉంటుందో మనకి పుస్తకాలు చెప్పక్కర్లేదు. తాకట్టు కొట్టుకి ముందుగా నడిచింది ఆ వెండి నగలే. చాలావరకూ విడిపించుకోలేకపోయారు. ఈనాడు మ్యూజియంల అద్దాల పెట్టెల్లో, ధనవంతుల సేకరణల్లో కనిపించే ఎన్నో నగలు అలా చేతులు మారినవే. పంట పోయిన ఏడు గొలుసు పట్టుకుని బ్యాంకుకి వెళ్లి, రశీదు చీర కొంగున కట్టుకుని తిరిగొచ్చిన అమ్మల్ని మనం చూడలేదా?

మా డబ్బాలోని మూడు చిల్లు నాణేలూ మపూచే స్త్రీలవే అని నేననను. ఆండీస్ పొడుగునా నాణేలని నగల్లో గుచ్చుకోవడం ఉంది. కానీ ఒకటి గమనించాను. చిల్లు ఎప్పుడూ అంచుకి దగ్గరగా ఉంటుంది. ఒక నాణెంలో చిల్లు లోపలి అంచు ఒక పక్క నున్నగా అరిగి ఉంది. ఏదో దారమో తీగో ఏళ్ల తరబడి రాసుకుంటే తప్ప వెండి అలా అరగదు. తూకం వేసి చూసేవాడికి అది పోయిన వెండి. నాకు మాత్రం అది ఎవరో రోజూ వేసుకున్న గుర్తు.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటివి ఉండొచ్చు కనుక నాలుగు మాటలు. పాత వెండి నాణేన్ని చింతపండుతోనో విబూదితోనో టూత్‌పేస్టుతోనో తోమకండి. కంచాలకి సరే గానీ, నాణెం మీది నలుపు దానికి కవచం. తోమితే పై పొర పోయి, ఎరిగినవాళ్లు వెంటనే కనిపెట్టేస్తారు. ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పలచని కాగితం పొట్లంలో పెట్టండి. అంచులు పట్టుకుని తీయండి. కొనేటప్పుడు ముందు తూచండి. స్పానిష్ ఎనిమిది రియాళ్లదైతే 27 గ్రాములు, 1860ల తరవాతి పెరూ సోల్ అయితే 25 గ్రాములు. అరుగుదలకి కాస్త తగ్గొచ్చు గానీ నాలుగైదు గ్రాములు తేడా వస్తే అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చూడక్కర్లేదు. అంచు కూడా చూడండి. రాజు ముఖం ఉన్న నాణేలకి అంచు చుట్టూ గుండ్రమూ దీర్ఘచతురస్రమూ మార్చి మార్చి ఉంటాయి. పోత పోసిన నకిలీలకి అక్కడే అతుకు గీత బయటపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పొట్లం మీద రాసిపెట్టండి. ఏ దేశం, ఏ ఏడు అన్నది నాణెం మీదే ఉంటుంది. ఎవరు తెచ్చారు, ఏ రేవులో కొన్నారు, ఎవరి చేతికి ఎప్పుడు వచ్చింది అన్నది ఎక్కడా ఉండదు. మామయ్యగారు అవేమీ రాయలేదు. అత్తయ్యగారికి గుర్తున్నంత వరకూ అడిగి, నేనే ఏడు పొట్లాల మీదా రాస్తున్నాను. కొనుక్కున్న మామయ్యగారి పేరు ఒక్కటే కాదు, ఆయన ఓడల్లో ఉన్న అన్నేళ్లూ ఆ డబ్బా దాచిన అత్తయ్యగారి పేరు కూడా. చిల్లు నాణేల పొట్లాల మీద ఇంకొక్క వాక్యం ఎక్కువ రాశాను: "ఎవరో వేసుకున్నది. తూకానికి ఇవ్వకూడదు."